యువజనులును సమత్వ ధర్మమును

(వార్షిక మహాసభ సందర్భమున తెనాలిలో జరిగిన యువజన సమావేశమందు ఒక విశ్రాంతోపాధ్యాయుడు చేసిన ఉపన్యాసము)

    

ఈ సమావేశమున నాలుగు మాటలు చెప్పవలసినదని ఆహ్వాన సంఘమువారు కోరినపుడు నేను మిక్కిలి సంశయించితిని. నేను వక్తను గాను. 1984 లో ఉద్యోగమున చేరి, ముప్పది నాలుగు సంవత్సరములు పల్లెటూరి ఉన్నత పాఠశాలలలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రమించినవాడను. శబ్దములు, ధాతువులు, సమాసములు నాకు దక్కిన సంపద. మానవ హక్కులు, సమానత్వము అను మాటలు న్యాయవాదులకును రాజకీయవేత్తలకును చెందినవని చాలకాలము భ్రమపడితిని. అయినను మీరు నాకిచ్చిన విషయమును చూడగానే, ఈ విషయమున నేను తీర్పవలసిన ఋణమొకటి ముప్పది యేండ్లకు పైబడి నా తలపై నున్నదని జ్ఞప్తికి వచ్చినది. ఆ ఋణమును మీ యెదుట ఒప్పుకొనుటకే ఈ వేదిక యెక్కితిని. నా మాటలలో కటుత్వమున్నచో పెద్దలు మన్నింతురుగాక.

మూడు పట్టణములు

తెనాలి, బాపట్ల, రేపల్లె మన సంఘమునకు ఆయువుపట్టులు. ఈ తెనాలి కూడలినుండి ఒక రైలుమార్గము వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లెకు పోవును. మరియొకటి చుండూరు, నిడుబ్రోలు మీదుగా బాపట్లకు పోవును. పెండ్లి సంబంధములకును, పిల్లల చదువులకును, కోర్టు పనులకును మనము ఈ రెండు దారులను ఎన్నిమారులో త్రొక్కితిమి. నేడు సమానత్వమను మాటను చేతబట్టుకొని నాతోకూడ మరల ఒకమారు ప్రయాణింపుడు.

మొదట రేపల్లె దారి. ఆ దారిలో భట్టిప్రోలు కలదు. 1892 లో అలెగ్జాండర్ రీ అను పురావస్తు శాఖాధికారి అచ్చటి స్తూపమును త్రవ్వించగా రాతి భరిణెలు దొరకినవి. వానిపై చెక్కిన బ్రాహ్మీలిపి క్రీస్తు పూర్వమునాటిదని పండితులు నిర్ణయించిరి. భాష ప్రాకృతము. అందు కుబిరకుడను రాజు పేరు కలదు. ఆనాటి నిగమ సభ్యుల పేర్లును వరుసగా కలవు. మన పేర్లవెనుక నేడు మనము గర్వముతో తగిలించుకొను కులపు తోక ఆ పేర్లకు కానరాదు. ఆ కాలమున భేదములు లేవని నేను చెప్పను. అది చరిత్రకారుల పని. కాని ఒక మంచిపనికి పదిమంది చేరి తమ పేర్లు వ్రాసికొన్నప్పుడు పేరు మాత్రమే చాలునని మన నేలమీదనే ఒకప్పుడు తోచినదని చెప్పుటకు ఆ రాళ్లు సాక్ష్యము.

ఇక బాపట్ల. 1913 లో ప్రథమాంధ్ర మహాసభ బాపట్లలో జరిగినదని మీరు పాఠ్యపుస్తకములలో చదివితిరి. అదెట్లు పుట్టినదో చూడుడు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రమున ఉద్యోగములందును విద్యయందును తెలుగువారికి తగిన భాగము లేదని గుంటూరి యువకులు కొందరు నొచ్చుకొనిరి. లెక్కలు తీసిరి, పటము గీసిరి, ఊరూర మాటాడిరి. వారిలో ఉన్నవ లక్ష్మీనారాయణగారు ఒకరు. తన జాతికి సమానత్వము కావలెనని అడిగిన ఆ మనుజుడు అచ్చటనే ఆగిపోలేదు. 1922 లో కారాగారమున కూర్చుండి ఒక మాల కుటుంబము కథను "మాలపల్లి" అను నవలగా వ్రాసెను. ఆంగ్ల ప్రభుత్వము ఆ పుస్తకమును నిషేధించెను. అగ్రవర్ణమున పుట్టి, సంగదాసు అను పాలేరు బిడ్డను నాయకునిగా నిలిపిన ఆ పుస్తకము తెలుగు నవలకు క్రొత్త దారి చూపినది. తనకై అడిగినవాడు పరునికై అడుగుట నేర్చెను. ఈ ఒక్కమాటను మీరు గుర్తుంచుకొనుడు. నేటి నా ఉపన్యాసమంతయు ఈ మాటకు వ్యాఖ్యానము.

తిరిగి తెనాలికి వత్తము. 1942 ఆగస్టు 12 న ఈ పట్టణమున పోలీసు కాల్పులలో ఏడుగురు ప్రాణములు కోల్పోయిరి. వారి స్మృతిచిహ్నమగు రణరంగచౌకు ముందుగనే నేడు మీలో పెక్కురు ఈ సభకు వచ్చితిరి. ఈ తెనాలియందే త్రిపురనేని రామస్వామి చౌదరిగారు సూతాశ్రమమును నెలకొల్పి, పురపాలక సంఘాధ్యక్షులై, పెండ్లి మంత్రములను తెలుగున వ్రాసి, పురోహితత్వము ఒక్క వర్ణపు సొత్తు కాదని వాదించిరి. వారి వాదములన్నియు మనకు సమ్మతములు కావలసిన పనిలేదు. నాకును కొన్నిట అభ్యంతరము కలదు. కాని ఒక ఊరి యువకులు ప్రశ్నించుట నేర్వవలెనన్నచో ప్రశ్నించు పెద్దలు ఆ ఊర నుండవలెను. తెనాలికి ఆ భాగ్యము కలిగినది.

మన తాతలు అడిగినది

యువజనులారా! నేను సేద్యగాని మనుమడను. పాణిని సూత్రములను వల్లించి, కాళిదాసుని పిల్లలకు బోధించి జీతము తింటిని. ఇది నా తాతకు సాధ్యమా? కాదు. ఆయనకు అక్షరములే రావు. వేదశాస్త్రములు మీకు తగవనియు, మీ పని నాగలి అనియు ఆయనతో అన్నవారు కలరు. 1916 లో మద్రాసున బ్రాహ్మణేతరుల ప్రకటన వెలువడిన పిదప, మన వంటి కులములవారు ఊరూర సభలు చేసి, మా పిల్లలకును బడి కావలెను, మా పిల్లలకును వసతిగృహము కావలెను, మాకును గౌరవము కావలెనని అడిగిరి. మన సంఘము ఆ కాలపు ఆకలినుండియే పుట్టినది. పిడికెడు పిడికెడు ధాన్యము ప్రోగుచేసి మన పెద్దలు విద్యార్థి వసతిగృహము కట్టిరి. నేను దానిలో భోజనముచేసి చదివితిని. అందుచేత కులసంఘమును నిందించుటకు నాకు నోరు రాదు.

కాని నేనొక ప్రశ్న వేయుదును. మన తాతలు అడిగినది ఏమి? "మేము మీకంటె తక్కువవారము కాము" అని పైవారితో అన్నారు. ఆ మాట న్యాయమైనచో, అదే మాటను మరియొకడు మనతో అన్నప్పుడు అన్యాయమెట్లగును? పైకి చూచి అడిగినప్పుడు హక్కు, క్రిందనుండి వినబడినప్పుడు పొగరు అగునా? వ్యాకరణమున ఒక సూత్రము ఒకచోట వర్తించి, అట్టి మరియొకచోట వర్తింపనిచో కారణము చెప్పవలెను. కారణము చెప్పలేనివాడు వైయాకరణుడు కాడు. ధర్మమునకును అంతే.

చెరువు నీరు

ఆ ప్రశ్న మన ప్రాంతమున రెండుమారులు నెత్తురుతో వ్రాయబడినది. రెండుమారులును మొదట నిలిచినవారు పడుచువారే.

మొదటిది కారంచేడు. 1985 జూలై 16 సాయంకాలము. తాము త్రాగు నీటి చెరువును పశువుల కుడితి బొక్కెనలతో మలినము చేయవలదని ఒక దళిత బాలుడు అడ్డుపడెను. వానిని కొట్టిరి. నీటికై వచ్చిన ఒక యువతి, తనపై దెబ్బ పడబోగా చేతిలోని బిందెను ఎత్తి నిలిచినది. అంతే జరిగినది. మరునాడు, జూలై 17 న, ఆ పల్లెపై దాడి జరిగి ఆరుగురు చంపబడిరి. స్త్రీలు చెరచబడిరి. మిగిలినవారు పరుగెత్తి చీరాలచేరి, చర్చి ఆవరణమున తలదాచుకొనిరి.

నీరు! 1927 మార్చి 20 న మహద్ పట్టణమున డాక్టరు అంబేడ్కరుగారు వేలమందితో నడచిపోయి చెరువునుండి దోసెడు నీరు త్రాగిరి. దానికి ఏబది యెనిమిది సంవత్సరముల పిమ్మట, రాజ్యాంగము అమలులోనికి వచ్చి ముప్పదియైదేండ్లు గడచిన పిమ్మట, మన సీమలో త్రాగునీటికై ఆరు ప్రాణములు పోయినవి. అస్పృశ్యతను రద్దుచేసిన పదునేడవ అధికరణము కాగితముపైననే నిలిచినది. చెరువుగట్టు దాక నడచి రాలేదు.

చీరాల శిబిరమునుండి దళిత మహాసభ పుట్టినది. దానిని నడపినవారిలో ముఖ్యుడు కత్తి పద్మారావుగారు. అప్పటికి ఆయన పొన్నూరు సంస్కృత కళాశాలలో అధ్యాపకుడు. ఆయన నేర్చిన వ్యాకరణమునే నేనును నేర్చితిని. ఒక రైలుమార్గముమీదనే మా యిరువుర బ్రతుకు. ఆయన ఆ విద్యతో శిబిరమునకు పోయెను. నేను దానితో తరగతి గదిలో కూర్చుంటిని. బొజ్జా తారకంగారు హైకోర్టున ప్రభుత్వ న్యాయవాది పదవిని వదలి బాధితుల పక్షమున నిలిచిరి. గణితశాస్త్రము చదివిన కె. బాలగోపాల్‌గారు పౌరహక్కుల సంఘ కార్యదర్శిగా ఇట్టి ఊళ్లన్నిట తిరిగి నిజము వ్రాసిరి. ఆయన దళిత కులమున పుట్టినవాడు కాడు. అది గమనింపుడు.

చుండూరు

రెండవది మనకు మరింత దగ్గర. తెనాలి దాటగానే వచ్చు చుండూరు. 1991 జూలైలో సినిమాహాలులో చదువుకొన్న ఒక దళిత యువకుని కాలు ముందున్న అగ్రకుల యువకునికి తగిలినదని మాట వచ్చినది. రైలులో, బస్సులో మనకందరకును దినమున పదిమారులు తగులును. "అయ్యో" అని ఊరకుందుము. ఆ కాలు తగులుట నేరమైనది కాలువలన కాదు, ఆ కాలు ఎవరిదన్న దానివలన. చదువుకొన్న ఆ పిల్లలు తలవంచి తప్పుకొనకుండుటయే అసలు నేరము. నెలదినములు సాంఘిక బహిష్కారము నడచినది. ఆగస్టు 6 న వెంటాడి ఎనిమిదిమందిని చంపిరి. కొందరి శవములను గోనెసంచులలో కట్టి కాలువలో పడవేసిరి. మిగిలినవారు తెనాలి చేరిరి. నిరసన నడచుచుండగా పోలీసు కాల్పులలో మరియొక యువకుడు మరణించెను. చనిపోయినవారిని ఊరినడుమనే పూడ్చి, ఆ చోటికి రక్తక్షేత్రమని పేరిడిరి.

1989 లో పార్లమెంటు షెడ్యూల్డు కులముల, తెగల అత్యాచార నిరోధక చట్టమును చేసినది. అది 1990 జనవరి 30 నుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టము క్రింద చుండూరు ఊరిలోనే ప్రత్యేక న్యాయస్థానము కూర్చుండవలెనని బాధితులు పట్టుబట్టి సాధించిరి. సాక్షులు పట్టణమునకు పోవుటకు భయపడనక్కరలేకుండ, చంపిన నేలమీదనే న్యాయము పలుకవలెనని వారి కోరిక. 2007 జూలై 31 న తీర్పు వెలువడినది. ఇరువది యొక్కరికి యావజ్జీవము, ముప్పదియైదుగురికి ఒక సంవత్సరము శిక్ష. 2014 లో హైకోర్టు వారినందరిని నిర్దోషులని విడిచినది. వ్యవహారము సుప్రీముకోర్టున చేరినది. కారంచేడు విషయమున సుప్రీముకోర్టు మాట 2008 లో వచ్చినది. అప్పటికి ఇరువదిమూడేండ్లు గడచినవి. న్యాయస్థానముల తీర్పులను విమర్శించుట నా పనికాదు. చేతులు కట్టుకొని చూచినవారికి ఏ న్యాయస్థానమును శిక్ష వేయలేదని మాత్రము చెప్పుదును. ఆ వరుసలో నేను ఒకడను.

2022 ఏప్రిల్ 4 న బాపట్ల జిల్లా ఏర్పడినది. రేపల్లెయు, చుండూరును, కారంచేడును ఆ జిల్లాలోనే చేరినవి. క్రొత్త జిల్లాకు మనము జెండాలు కట్టి సంతోషించితిమి. మంచిదే. ఆ జిల్లా రెండు పాత గాయములతో పుట్టినదని మాత్రము మరువరాదు.

నా దోషము

ఇప్పుడు నా ఋణము సంగతి. 1991 లో నేను ఈ ప్రాంతమున ఒక పల్లెటూరి పాఠశాలలో పనిచేయుచుంటిని. ఊరిపేరు చెప్పను. పదవ తరగతిలో దళిత పల్లెనుండి వచ్చు పిల్లలు ఇద్దరుండిరి. చుండూరు వార్త వచ్చినది మొదలు వారు బడికి రాలేదు. వారి కుటుంబములు భయపడి తెనాలికి పోయినవని పిల్లలు చెప్పుకొనిరి. నేను హాజరుపట్టీ తీసి ప్రతిదినము వారి పేర్లకెదుట ఎఱ్ఱ సిరాతో గైరుహాజరు గుర్తు పెట్టితిని. నా కర్తవ్యము తీరినదనుకొంటిని.

వారి బల్లమీదనే కూర్చుండు మూడవవాడు మన కులపు కుఱ్ఱవాడు. ఏండ్లు పదునైదు. ఒకనాడు వాడు లేచి, "మాస్టారూ, వాళ్లెందుకు రావటంలేదు?" అని అడిగెను. "నీ పాఠం నువ్వు చూసుకో," అంటిని. వాడు కూర్చుండెను. తరువాత కొన్ని దినములకు వాని చేతివ్రేళ్లు నల్లగా మాసియుండుట చూచితిని. ఏమని అడుగగా కార్బను కాగితమనెను. తాను వ్రాసికొను పాఠములక్రింద రెండు కార్బను కాగితములు పెట్టి మూడు ప్రతులు తీయుచు, ఆదివారము సైకిలుమీద తెనాలి పోయి ఆ యిద్దరికి ఇచ్చి వచ్చుచుండెనట. నా సంస్కృత శబ్దములను, లెక్కలను, సాంఘికశాస్త్రమును ఏదియు విడువలేదు. మూడవ ప్రతి అక్షరములు మసకగా పడునని, దానిని రాత్రి మరల పెన్సిలుతో దిద్దుచుండెనట.

ఈ సంగతి ఊరికి తెలిసినది. పెద్దలు ఒకరి అరుగుమీద కూడిరి. కుఱ్ఱవానిని, వాని తండ్రిని పిలిపించిరి. చదువు చెప్పువాడను గనుక నన్నును పిలిచిరి. "ఊళ్లో ఇలా వుంటే నువ్వు ఎవరి పక్షంరా?" అని ఒక పెద్ద అడిగెను. వాడు తలయెత్తకుండగనే, "మేం ముగ్గురం ఒక్క బల్లమీద కూర్చుంటామండీ. వాళ్లు పరీక్ష పోతే నాకు బాగుండదు," అనెను. తండ్రి వానిని అందరి యెదుట చెంపపై కొట్టెను. అందరును నా ముఖము చూచిరి. "పిల్లవాడు చేసినది తప్పుకాదు" అని ఒక్క వాక్యము నేను చెప్పవలసి యుండెను. దానికి పెద్ద వ్యాకరణ పాండిత్యము అక్కరలేదు. నేను చెప్పలేదు. నా ఉద్యోగము, అద్దెకున్న ఇల్లు, పాలుపోయు ఇల్లాలి మాట, అన్నియు జ్ఞప్తికి వచ్చినవి. పై ఆదివారము వాడు మరల సైకిలెక్కినాడు. ఆ సంగతి మాత్రము నేనెవరికిని చెప్పలేదు. నేను చేసిన సాయము అంతే.

ఆ యిద్దరును 1992 లో పరీక్ష గట్టెక్కిరి. వారిలో ఒకడు ఉపాధ్యాయుడైనాడు. నా పదవీ విరమణ సభకు వచ్చి, "మీ పాఠాలవల్లే గట్టెక్కాం మాస్టారూ," అని పాదములకు మ్రొక్కబోయెను. నేను వెనుకకు జరిగితిని. నా పాఠములే, నిజమే. వానిని మోసికొనిపోయినవాడు వేరు.

ఆ మోసినవాని సంగతి మీరు అడుగుదురు. వాడు చదివి, ఉద్యోగము సంపాదించి, తనకు నచ్చిన పిల్లను పెండ్లియాడెను. ఆ పిల్ల మన కులముది కాదు. మన సంఘము ఐదేండ్లకొకమారు ప్రచురించు కుటుంబ నామావళిలో నేడు వాని పేరు లేదు. వాని తాత పేరు కలదు, తండ్రి పేరు కలదు, తమ్ముని పేరు కలదు. వాని చోటున ఏమియు లేదు. మన కులమునకు నేనెరిగిన ఉత్తమ విద్యార్థి మన పుస్తకమున లేడు; అరుగుమీద మాటాడక కూర్చున్న నా పేరు మాత్రము చిరునామాతోసహా ఉన్నది!

నచికేతుడు అడిగినది

పెద్దలను ఎదిరింపుమని యువకులకు బోధించుచున్నావా అని నన్నడుగవచ్చును. నాకు తెలిసిన శాస్త్రమునుండియే సమాధానము చెప్పుదును. కఠోపనిషత్తున వాజశ్రవసుడు యాగముచేసి, పాలు ఉడిగిపోయిన, మేత మేయజాలని ముసలి ఆవులను దానమిచ్చుచుండెను. కుమారుడు నచికేతుడు బాలుడు. వానికి తండ్రిపై ద్వేషము కలుగలేదు. వానిలో శ్రద్ధ ప్రవేశించెనని ఉపనిషత్తు చెప్పుచున్నది. దానమన్న పేరుతో పనికిరానిది ఇచ్చుట తండ్రికి తగదని వానికి బాధ. అందుచేతనే ప్రశ్నించెను. తండ్రి కోపగించెను. అయినను యముని యింట మొదటి వరముగా ఆ బాలుడు కోరినది తండ్రి మనశ్శాంతియే.

యువజనులారా! పెద్దలను ప్రశ్నించుటకు ఇది కొలబద్ద. వారిని చిన్నబుచ్చుటకు కాదు, వారి ధర్మము కొరతపడకుండుటకు ప్రశ్నింపుడు. ఛాందోగ్యమున సత్యకాముడు గోత్రమడిగినప్పుడు తల్లి చెప్పిన నిజమునే చెప్పెను. గురువు ఆ నిజమునకే ఉపనయనము చేసెను. ఇట్టి కథలు చదివియు, ఏకలవ్యుని బొటనవ్రేలును మాత్రమే మనము ఆచారముగా పట్టుకొంటిమి.

ఇంకొక ఒప్పుకోలు. కాళిదాసుని మేఘసందేశమును ఏటేట పాఠము చెప్పిన నేను, అదే సందేశకావ్య మార్గమున జాషువగారు 1941 లో వెలువరించిన "గబ్బిలము"ను ఏబది యేండ్లు దాటిన తరువాతనే శ్రద్ధగా చదివితిని. గుడిలోనికి తనకు ప్రవేశము లేనందున, గుడిలో వ్రేలాడు గబ్బిలము ద్వారా శివునికి తన బాధ పంపుకొన్న మనుష్యుని కథ అది. కవి మన గుంటూరు సీమవాడు, వినుకొండలో పుట్టినవాడు, నావలె బడిపంతులు. మేఘము నాకు అంత తొందరగా కనబడి గబ్బిలము అంత ఆలస్యముగా కనబడుటకు కారణము పాండిత్యము కాదు. నేను కూర్చున్న చోటు.

పరుని పక్కన నిలుచుట

లోకమున ఇతరత్రను ఇదే విధము. అమెరికాలో 1960 ఫిబ్రవరి 1 న గ్రీన్స్‌బరో పట్టణమున నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవారికి మాత్రమే వడ్డించు ఫలహారపు బల్లయొద్ద కూర్చుండిరి. వారికి వడ్డింపలేదు. వారు లేవలేదు. మరునాడు మరికొందరు వచ్చిరి. నాలుగవనాటికి తెల్లజాతి విద్యార్థినులు కొందరు వచ్చి వారి పక్కన కూర్చుండిరి. జూలై నాటికి ఆ బల్ల అందరికిని తెరువబడినది. మొదటి నలుగురిది ధైర్యము. పక్కన వచ్చి కూర్చున్నవారిది న్యాయబుద్ధి. మన పిల్లలకు నేను కోరునది ఆ రెండవది. మొదటిదానిని దళిత యువకులు మనకు బాకీ పడకుండ చూపియున్నారు.

కులసభలో కులసమత్వము మాటాడుట విరుద్ధము కాదా అని కొందరు నవ్వవచ్చును. నిచ్చెన యెక్కిన తరువాత దానిని రెండు పనులకు వాడవచ్చును. ఇంకొకనికి దించవచ్చును, లేదా అడ్డముగా పెట్టి కంచెగా చేయవచ్చును. మన తాతలు దానిని కంచెకై చేయలేదు.

మూడు విన్నపములు

మహాసభవారు తీర్మానముల ఘట్టమునకు రాకముందే మూడు విన్నపములు చేయుదును.

మొదటిది నామావళి సంగతి. కులాంతర వివాహము చేసికొన్న కారణమున తొలగించిన పేర్లన్నిటిని రాబోవు ముద్రణలో చేర్చవలెను. వారి భార్యాభర్తల పేర్లను, పిల్లల పేర్లను వారు కోరినట్లు వ్రాయవలెను. చేరుటకు వారికి ఇష్టము లేకపోవచ్చును. మనము తీసివేసినది మనమే పెట్టి, అటుపైని వారి యిష్టమునకు వదలవలెను.

రెండవది వసతిగృహము. అందు నాలుగవ వంతు స్థానములు ఇతర కులముల పేద విద్యార్థులకు, మొదట దళిత విద్యార్థులకు, కేటాయింపవలెను. వేరు పంక్తి వలదు, వేరు గది వలదు. ఒక్క బల్లమీద కూర్చున్నవారు ఒకరి పరీక్ష కొరకు ఒకరు బాధపడుదురు. పదునైదేండ్ల పిల్లవాడు నాకు నేర్పిన సాంఘికశాస్త్రము ఇంతే.

మూడవది అన్నిటికంటె కష్టము. ఏ ఊరనైనను మనవారికిని పల్లెవారికిని తగవు వచ్చినచో, మనవాడన్న ఒక్క కారణమున సంఘము చందా వసూలు చేయరాదు. మొదట మన యువజన శాఖనుండి నలుగురు ఆ పల్లెకు పోయి, అచ్చటివారి మాట విని రావలెను. దెబ్బతిన్నవాని నోటినుండి విన్న తరువాత మన పక్షమేదో మనకు తెలియును. 1985 లోను, 1991 లోను ఏ సంఘమైనను ఈ పని చేసియున్నచో అని నేను రాత్రులు తలపోయుదును.

ఈ తీర్మానములు నెగ్గునో లేదో నేనెరుగను. ముందు వరుసలోని కొందరి ముఖములు చూడగా సందేహముగనే ఉన్నది. అరుగుమీద కూర్చున్ననాడు ఇట్టి ముఖములనే చూచి నేను నోరు మూసికొంటిని. అరువది దాటిన నేను ఇక పోగొట్టుకొనగలది ఏమున్నది? అందుచేత ఇప్పుడు చెప్పుట గొప్పకాదు. ఇరువదేండ్ల వయస్సున, ఉద్యోగము రాకమునుపు, పెండ్లి కాకమునుపు, అన్నియు పోగొట్టుకొనుటకు వీలున్ననాడు చెప్పుటయే గొప్ప. అందుకే ఈ భారము మీది.

నాడు చెప్పవలసియుండిన వాక్యమును నేడు ఈ సభాముఖమున చెప్పి ముగింతును. ఆ పిల్లవాడు చేసినది తప్పుకాదు. అది మన కులమునకు కీర్తి. ఈ మాట వ్రాతలో పడవలెనని, ఈ సంచికలో నా ఉపన్యాసమును యథాతథముగా ముద్రింపుమని సంపాదకులను ప్రార్థించుచున్నాను. వాని పేరు నామావళిలో చేరువరకు ఈ పుటయే వాని చోటుగా ఉండుగాక.